బోర్లించి చూడటం



మా మాస్టారి స్మారకోపన్యాసం ఇవ్వమని విభాగం వాళ్లు ఫోన్ చేసి, ఏ అంశం తీసుకుంటారని అడిగారు. నేను వెతుక్కోవలసిన పని పడలేదు. మాస్టారి దగ్గర చదువుకున్న ప్రతివాళ్లకీ ఆయన మాట ఏదో ఒకటి చెవిలో నిలిచిపోయి ఉంటుంది. నాకు నిలిచింది ఒక ప్రశ్న: "బోర్లించి చూశావామ్మా?"

అప్పుడు నేను ఎం.ఏ. రెండో ఏడు. మాస్టారు తన బల్ల మీద ఒక బిద్రీ హుక్కా కుండీ పెట్టి, "వారం రోజులు ఇది నీదే. ఏమిటో రాసుకురా" అన్నారు. గంట ఆకారం, జానెడు ఎత్తు, నల్లటి ఒంటి మీద వెండి పూలమొక్కలు. నేను లైబ్రరీకి పరుగెత్తాను. మూడు పుస్తకాల్లో అలాంటి బొమ్మలే దొరికాయి. పన్నెండు పేజీలు రాశాను: 18వ శతాబ్దం, బీదరు పని, పూలమొక్కల్లో మొగలుల ఛాయ, వస్తువు ఎక్కడా చెక్కుచెదరలేదు. మాస్టారు పన్నెండు పేజీలూ ఓపిగ్గా చదివి ఆ ప్రశ్న వేశారు. నేను చూడలేదు. ఆయనే కుండీని మెత్తటి గుడ్డ మీద బోర్లించారు. అడుగున సరిగ్గా మధ్యలో, రూపాయి బిళ్లంత మేర నలుపు తక్కిన నలుపులా లేదు. గోరు పెడితే దిగింది. ఎవరో ఎప్పుడో అక్కడ రంధ్రం చేశారు. తర్వాత ఇంకెవరో దాన్ని టంకంతో పూడ్చి పైన నల్లరంగు పూశారు.

హుక్కా కుండీలో నీళ్లు పోస్తారు. అడుగున రంధ్రం ఉంటే నీళ్లు నిలవవు. మరెందుకు చేసినట్టు? హుక్కా అలవాటు పోయి, ఇంట్లోకి కరెంటు వచ్చిన రోజుల్లో దాన్ని బల్ల మీద దీపంగా మార్చారు. వైరు దూరడానికి దారి కావాలి కదా. ఆ తర్వాత పాతసామానుకు గిరాకీ పెరిగింది, దీపం మళ్లీ హుక్కా కుండీ అయింది. ఆ వస్తువు మూడు బతుకులు బతికింది. నేను ఒక్క బతుకే రాశాను, అదీ పుస్తకాల్లో చూసి.

అలంకార కళావస్తువులను పరిశీలించి వాటి మంచిచెడ్డలు తేల్చడం ఎం.ఏ., పీహెచ్‌డీ విద్యార్థులకు ఎలా నేర్పాలన్నది ఇవాళ నా విషయం. నాకు అర్థమైనంతలో ఈ విద్యకు ఒకటే నియమం ఉంది. తీర్పు అన్నిటికన్నా చివర రావాలి, అంతదాకా వస్తువు కళ్ల ముందు నుంచి కదలకూడదు. మన తరగతుల్లో దీనికి తలకిందులుగా జరుగుతోంది. శతాబ్దం, శైలి, రాజవంశం మొదటి గంటలోనే చెప్పేస్తున్నాం. వస్తువు తెర మీద బొమ్మగా వచ్చి వెళ్లిపోతోంది. బొమ్మకు అడుగు ఉండదు, బరువుండదు.

ఈ చూపు మన ఇళ్లకు కొత్తేమీ కాదు. మా నాయనమ్మ బిందె కొనడానికి వెళ్తే ముందు దాన్ని రెండు చేతులా ఎత్తి బరువు చూసేది. వేలి కణుపుతో కొట్టి మోత వినేది. అంచు మీద వేలు తిప్పేది, లోపలికి చెయ్యి పెట్టి అతుకు తడిమేది, చివరికి బోర్లించి అడుగు చూసేది. ధర అడగడం వీటన్నిటి తర్వాత. దుకాణదారు ముందే ధర చెప్పబోతే "ఉండవయ్యా" అనేది. బంగారం పని చేసేవాళ్ల దగ్గర గీటురాయి ఉండేది. ఆ మాటను ఇప్పుడు 'ప్రమాణం' అనే అర్థంలో రాస్తున్నాం కానీ అది చేతిలో పట్టుకునే నల్లరాయి. దాని మీద గీయాలి, పడ్డ గీతను పక్కనున్న గీతతో పోల్చాలి. పోల్చడానికి రెండో గీత లేకపోతే ఆ రాయి ఏమీ చెప్పదు.

ఈ చూపును విశ్వవిద్యాలయంలో పాఠంగా మార్చినవాళ్లలో చార్లెస్ మాంట్‌గోమరీ ఒకరు. అమెరికాలో డెలవేర్ రాష్ట్రంలో వింటర్‌టూర్ అనే భవనం ఉంది. హెన్రీ ఫ్రాన్సిస్ డ్యూపాంట్ అమెరికా పాతకాలపు కుర్చీలు, బీరువాలు, వెండి సామాను, పింగాణీ, బట్టలు సేకరించి, గదులకు గదులు నింపి, 1951లో దాన్ని మ్యూజియంగా జనానికి తెరిచాడు. మరుసటి ఏడు డెలవేర్ విశ్వవిద్యాలయంతో కలిసి అక్కడ పట్టభద్రులకు ఒక కోర్సు మొదలైంది. ఆ తేదీలు చూస్తే నాకు మన సంగతే గుర్తొస్తుంది. మూడో సాలార్‌జంగ్ సేకరణను హైదరాబాదు దివాన్ దేవిడీలో మ్యూజియంగా నెహ్రూ ప్రారంభించింది కూడా 1951లోనే, డిసెంబరు 16న. బరోడా విశ్వవిద్యాలయంలో మ్యూజియాలజీ విభాగం పుట్టింది కూడా 1952లోనే. అంటే ఒక ధనికుడు ఇంటి నిండా పోగుచేసిన సామాను ఇక్కడా ఉంది, ఆ సామాను మధ్య కూర్చుని చదువుకునే అవకాశం ఇక్కడా వచ్చింది. అక్కడ మ్యూజియమే తరగతి గది అయింది. హైదరాబాదులో మ్యూజియం ఒక దారిన, విశ్వవిద్యాలయాలు ఒక దారిన పోయాయి. దీన్ని నేను ఫిర్యాదుగా చెప్పడం లేదు. అతుక్కోవలసిన రెండు ముక్కలు ఒకే ఊళ్లో ఉన్నాయని గుర్తుచేస్తున్నాను.

మాంట్‌గోమరీ వ్యాపారం నుంచి వచ్చినవాడు. ప్యూటర్ అని ప్రధానంగా తగరంతో చేసే మిశ్రమలోహం ఉంది. ఆ పాత్రలు కొని అమ్మే వ్యాపారం చేసి, అక్కణ్నుంచి వింటర్‌టూర్‌కు వచ్చాడు. తప్పు చూస్తే సొంత డబ్బు పోయే చోట కళ్లు తెరుచుకున్న మనిషి. 1961లో ఆయన రాసిన వ్యాసం ఒకటి మాస్టారు నాకు జిరాక్సు తీసి ఇచ్చారు. వస్తువును పరిశీలించేవాడు ఎక్కవలసిన పద్నాలుగు మెట్లు అందులో ఉన్నాయి. మొదట మొత్తంగా ఒక్క చూపు, ఆ తర్వాత ఆకారం, నగిషీ, రంగు. అక్కణ్నుంచి ముడిసరుకు, పనితనం, ఆ వృత్తిలో చెలామణీలో ఉన్న పద్ధతులు, వాడకం. శైలి తొమ్మిదో మెట్టు, కాలం పదోది, ఎవరి పని అన్నది పదకొండోది. చేతులు మారిన చరిత్ర, ఇప్పటి స్థితి వాటి తర్వాత. విలువ కట్టడం పద్నాలుగోది, అన్నిటికన్నా చివరిది. నా పన్నెండు పేజీలు తొమ్మిదో మెట్టు మీద మొదలై, చూడకుండానే పదమూడో మెట్టు మీద ముగిశాయి. తర్వాత వచ్చినవాళ్లు ఇతర దారులు చూపారు. మెక్‌క్లంగ్ ఫ్లెమింగ్ 1974లో, జూల్స్ ప్రౌన్ 1982లో తమ తమ పద్ధతులు ప్రతిపాదించారు. వాటినీ చదివించాలి. కానీ చేతిలో వస్తువు పట్టుకుని తడబడుతున్న పిల్లవాడికి ఊతకర్రగా పనికొచ్చేవి ఇప్పటికీ ఆ పద్నాలుగు మెట్లే.

మాస్టారి హుక్కా కుండీనే తీసుకుందాం. ముడిసరుకు దగ్గర ఆగుదాం. బిద్రీ వస్తువు ఇనుము కాదు, కంచు కాదు. చాలావరకు తుత్తునాగం, అంటే జింకు, అందులో కొద్దిగా రాగి. పదహారు పాళ్లకు ఒక పాలు అని పనివాళ్లు చెప్పే లెక్క. ఇక్కడ విద్యార్థికి ఒక అనుమానం రావాలి. జింకు ఎక్కణ్నుంచి వచ్చింది? ఆ లోహాన్ని ఖనిజం నుంచి తీయడం కష్టం. 907 డిగ్రీల దగ్గర అది మరిగి ఆవిరైపోతుంది. ఖనిజం కరిగించే వేడి అంతకన్నా ఎక్కువ. అందువల్ల పొయ్యిలో లోహంగా మిగలదు, గాలి తగిలితే తెల్లటి పొడి అయిపోతుంది. రాజస్థాన్‌లోని జావర్ దగ్గర మనవాళ్లు వంకాయ ఆకారపు మట్టి మూసల్లో ఖనిజం నింపి, మూతి కిందికి పెట్టి, దిగే ఆవిరిని చల్లార్చి లోహం పట్టారు. ఇంగ్లండులో విలియం ఛాంపియన్ తన పద్ధతికి పేటెంటు తీసుకున్నది 1738లో. చైనా జింకు కూడా ఓడల్లో వచ్చేది. యూరపు వ్యాపారుల లెక్కల్లో 'టూటెనాగ్' అని కనిపించే మాట మన తుత్తునాగానికి చుట్టమే. జానెడు కుండీ పట్టుకుని కూర్చున్న విద్యార్థి ముడిసరుకు అన్న ఒక్క మెట్టు మీద నిలబడే ఆరావళి కొండల దాకా, రేవుల దాకా వెళ్లి రావచ్చు.

పనితనం దగ్గర ఇంకా నిదానించాలి. ఇసుక అచ్చులో పోతపోసిన కుండీని ఆకురాయితో నునుపు చేస్తారు. అప్పుడది బూడిద రంగులో ఉంటుంది, దాని మీద సన్నటి గీత కనిపించదు. అందుకని మైలుతుత్తం నీళ్లు రుద్ది తాత్కాలికంగా నల్లబరుస్తారు. ఆ నలుపు మీద ఉలితో నగిషీ చెక్కుతారు, చెక్కిన గాడిలో వెండి పెట్టి సుత్తితో కూరుతారు. తీగ కూర్చితే తార్‌కషీ, రేకు కూర్చితే తెహ్‌నిషాన్. మొత్తం వెండి రేకు పరిచి పువ్వుల మేరకు కత్తిరించి, నల్లటి పువ్వు తెల్లటి నేల మీద కనబడేలా చేస్తే ఆఫ్తాబీ. మళ్లీ నునుపు చేసేసరికి మొదటి నలుపు పోయి, వెండికీ లోహానికీ తేడా తెలియకుండా అయిపోతుంది. అప్పుడు అసలు నలుపు వేస్తారు. బీదరు కోటలో ఎండ, వాన తగలని పాత చోట్ల నుంచి తవ్విన మట్టిలో సురేకారం ఉంటుంది. పనివాడు ఆ మట్టిని నాలుక మీద వేసుకుని చూసి ఎంచుకుంటాడు. నవాసాగరంతో కలిపి నీళ్లలో కాచి, వేడిచేసిన కుండీకి పట్టిస్తే లోహం శాశ్వతంగా నల్లబడుతుంది, వెండి తెల్లగానే ఉంటుంది. చివర నూనె రాస్తారు.

ఇదంతా తెలిసినవాళ్లకు వెండి రాలిపోయిన చోటు ఒక కిటికీ. భూతద్దం పెట్టి ఖాళీ గాడిలోకి చూడండి. ఉలి ఏ వైపు నుంచి వచ్చింది, గాడి గోడ ఎంత నిలువుగా ఉంది, రేకు జారకుండా అంచు కింద కాస్త లోపలికి తొలిచారా, అన్నీ కనిపిస్తాయి. నిండుగా ఉన్న పువ్వు పనివాడి నేర్పును చూపిస్తుంది, ఊడిన పువ్వు ఆ నేర్పు ఎక్కణ్నుంచి వచ్చిందో చూపిస్తుంది. అందుకే బోధనకు అందమైన వస్తువు కన్నా దెబ్బతిన్నది మేలని మాస్టారు అనేవారు. నకిలీ దొరికితే ఇంకా మంచిదనేవారు. పైన నల్లరంగు వేసిన ఇత్తడి వస్తువొకటి ఆయన బీరువాలో ఎప్పుడూ ఉండేది. అదే కొలతలో ఉన్న బిద్రీ వస్తువును పక్కన పెట్టి రెండూ ఎత్తి చూడమనేవారు. ఇత్తడి బరువు చేతికే తెలిసిపోయేది.

వాడకం అనే మెట్టు చాలామంది దాటేస్తారు. కాలం తేల్చడానికి అంతకన్నా గట్టి ఆధారం అరుదు. పొగాకు మన దేశానికి పోర్చుగీసు వాళ్ల ద్వారా వచ్చింది. అసద్‌బేగ్ బీజాపూరు నుంచి పొగాకు తెచ్చి అక్బరుకు చూపించిన సంగతి 17వ శతాబ్దం మొదటి ఏళ్లది. మరి అంతకుముందు శతాబ్దంలో హుక్కా కుండీ ఎలా ఉంటుంది? బిద్రీ పని బహమనీల నాడే ఇరాన్ నుంచి వచ్చిందని బీదరులో చెప్పుకునే కథను నేను కాదనను, కథలకూ వాటి చోటు వాటికుంది. కానీ బహమనీల కాలపుదని నిక్కచ్చిగా చెప్పగల బిద్రీ వస్తువు మన చేతికి రాలేదు. ఎవరైనా హుక్కా కుండీ తెచ్చి 15వ శతాబ్దం అంటే శైలి దాకా వెళ్లక్కర్లేదు. ఆ తర్వాత ఆకారం సాయం చేస్తుంది. మొదటి కుండీలు బంతిలా గుండ్రంగా ఉండి, దొర్లిపోకుండా కింద చుట్టకుదురు లాంటి వలయం మీద కూర్చునేవి. 18వ శతాబ్దంలో గంట ఆకారం ఎక్కువైంది. ఈ మార్పును ఆనాటి చిత్రాల్లో హుక్కా తాగుతున్నవాళ్ల పక్కన చూసి సరిపోల్చుకోవచ్చు.

ఎవరి పని అన్న ప్రశ్న దగ్గర విద్యార్థులకు తొందర ఎక్కువ. బీదరు పేరు మీద నడిచే ఈ పని హైదరాబాదు, లక్నో, పూర్ణియా, ముర్షిదాబాదుల్లో కూడా జరిగింది. నవాబుల చిహ్నమైన చేపలు, ఉబ్బెత్తుగా లేచిన జర్‌బులంద్ పని కనిపిస్తే లక్నో వైపు చూడాలి. మనిషి పేరు మాత్రం దాదాపు ఎప్పుడూ దొరకదు. పోతపోసే చెయ్యి వేరు, చెక్కే చెయ్యి వేరు, వెండి కూర్చే చెయ్యి వేరు. చిత్రకారుడి సంతకం వెతికే అలవాటుతో వచ్చిన విద్యార్థి ఇక్కడ ఆ అలవాటును వదులుకోవాలి.

స్థితి గురించి ఒక బాధ చెప్పుకోవాలి. ఒకచోట, ఆ సంస్థ పేరు వద్దు, భాండాగారంలో ఒక బిద్రీ పాన్‌దాన్ చూశాను. మూత తళతళలాడుతోంది, నలుపన్నదే లేదు. సందర్శనకు ఎవరో పెద్దలు వస్తున్నారని, ఇత్తడి సామానుతో పాటు దాన్నీ చింతపండు పెట్టి తోమేశారు. తోమిన మనిషిది తప్పు కాదు. ఇంట్లో ఇత్తడికి, రాగికి చేసే సేవే ఆమె చేసింది. ఈ వస్తువుకు నలుపే ప్రాణమని ఆమెకు చెప్పవలసినవాళ్లు చెప్పలేదు. చెప్పవలసినవాళ్లలో ఎం.ఏ. చదివి వచ్చినవాళ్లున్నారు. ఆ రోజు ఆ మూతను చేతిలో పట్టుకుని చాలాసేపు మాట్లాడలేకపోయాను.

చేతులు మారిన చరిత్ర నేర్పడానికి మాత్రం మ్యూజియం దాకా వెళ్లక్కర్లేదు. మన వంటిళ్లలో గిన్నెల మీద పేర్లు కొట్టించే అలవాటుంది. మొదటి తరగతిలోనే పిల్లల్ని ఇంటి నుంచి ఒక పాత గిన్నె తెమ్మంటాను. ఒకసారి ఒక అమ్మాయి తెచ్చిన ఇత్తడి గుండిగ మీద మూడు పేర్లున్నాయి. ఒకటి చుక్కలు చుక్కలుగా చేత్తో కొట్టింది, ఇంటిపేరు పొడి అక్షరంతో. రెండోది పెళ్లి కానుకని తేదీతో సహా ఉంది. మూడోది మిషను మీద రాయించింది, ఆ అమ్మాయి వాళ్ల అమ్మ పేరు. లోపల కళాయి రెండు పొరలుగా కనిపిస్తోంది, అడుగున మసి పట్టిన చోట మాటు వేశారు. ఆ గుండిగ నాలుగు వేల రూపాయలు చెయ్యదేమో. ఆ గంటలో తరగతి మొత్తం చేతులు మారిన చరిత్ర, స్థితి, వాడకం అనే మూడు మెట్లు ఎక్కి దిగింది.

విలువ కట్టడం దగ్గరికి వస్తాను. బిద్రీని కాసేపు పక్కన పెట్టి విశాఖపట్నం వెళ్దాం. 18వ శతాబ్దంలో అక్కడ ఇంగ్లీషు వాళ్ల కోసం దంతం పొదిగిన బీరువాలు, కుర్చీలు, పెట్టెలు చేసేవారు. 1756లో అక్కడికి వచ్చిన కార్నెయిల్ అనే సైనికాధికారి ఆ ఊరి పొదుగుపనిని మెచ్చుకుంటూ రాశాడు. చేసినవాళ్లు మన కంసాలులు. దంతం మీద సన్నగా గీసి, గీతల్లో నల్లలక్క నింపేవారు. మొదట చెక్కలో దంతం పొదిగేవారు. తర్వాత తర్వాత గంధపు చెక్క మీద దంతం పలకలు అతికించారు, ఆ పైన తాబేలు చిప్ప, కొమ్ము, ఏదుపంది ముళ్లు వచ్చాయి. ఇవాళ ఆ పెట్టెకు విలువ కట్టాలంటే అందం చూసి చెప్పలేం. 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం నూరేళ్లు దాటితే అది పురావస్తువు, దేశం దాటించకూడదు. ఇక్కడ దంతం వ్యాపారమే నిషిద్ధం. బ్రిటన్‌లో 2018 చట్టం 2022 జూన్‌లో అమలులోకి వచ్చింది. 1947కు ముందు చేసిన వస్తువులో దంతం పదో వంతు కన్నా తక్కువుంటే నమోదు చేయించి అమ్ముకోవచ్చు. అంతకు మించి దంతం ఉంటే, 1918కి ముందుదై అసాధారణ కళావిలువ ఉన్నదని నిపుణులు ఒప్పుకోవాలి. అప్పుడు మొదటి ప్రశ్న ఏమిటి? దంతం చెక్కలోకి పొదిగిందా, పైన అతికించిన పలకా, పలకైతే మందం ఎంత? అంటే ముడిసరుకు, పనితనం. పద్నాలుగో మెట్టు మీద నిలబడ్డవాణ్ని చట్టం మళ్లీ అయిదో మెట్టుకు పంపుతోంది.

అది దంతమో ఎముకో తెలుసుకోవడానికి కొందరు ఇప్పటికీ కాల్చిన సూది గుచ్చుతారు. దయచేసి ఆ పని చేయకండి. అడ్డకోతలో దంతానికి ఒకదాన్నొకటి దాటుకుంటూ పోయే సన్నటి వంపు గీతలుంటాయి, ఎముకకు సూదిమొనంత నల్లచుక్కలుంటాయి. పదింతలు పెద్దదిగా చూపే భూతద్దం చాలు.

ఈ విద్య మీద ఒక న్యాయమైన ఆక్షేపణ ఉంది. 'కన్ను' అనేది డబ్బున్నవాళ్ల ఇళ్లలో తయారవుతుందనీ, నిపుణుడి మాటకు ఆధారం అడగకూడదన్న పెత్తనం ఇందులో దాగి ఉందనీ. వింటర్‌టూర్ పుట్టుకే చూస్తే ఆ మాటలో నిజం ఉంది. నా సమాధానం ఏమిటంటే, చూసిందేదో కాగితం మీద పెట్టించాలి. "చూడగానే తెలిసిపోయింది" అని రాసే విద్యార్థికి నేను మార్కులు వేయను. ఎక్కడ చూశావు, ఏం కనిపించింది, దేనితో పోల్చావు, ఏం దొరికితే నీ మాట తప్పని ఒప్పుకుంటావు, ఈ నాలుగూ రాయాలి. ఇక రెండో సంగతి. ఆ కుండీ గురించి బాగా తెలిసినవాడు మన తరగతిలో లేడు, బీదరులో పీట మీద కూర్చుని ఉన్నాడు. అతణ్ని 'ప్రదర్శన' కోసం ఒక పూట పిలిచి శాలువా కప్పి పంపేయడం మనకు అలవాటైంది. ఒక సెమిస్టరు అతన్ని అధ్యాపకుడిగా పెట్టుకుని, అధ్యాపకుడికిచ్చే జీతమే ఇవ్వాలి. విద్యార్థి ఒక్క అంగుళం గాడి చెక్కి, ఒక్క తీగ కూర్చి చూడాలి. తీగ మొదటి పదిసార్లు ఊడి వస్తుంది. పదకొండోసారి నిలుస్తుంది. ఆ తర్వాత ఆ విద్యార్థి భాండాగారంలోకి వెళ్లి పాత కుండీని చూసే తీరు మారిపోతుంది. నేను నా కళ్లతో చూశాను.

కోర్సు మొదటి నెల ఎలా ఉండాలని అడిగితే నేను చెప్పేది ఇంతే. ఒక్కొక్కరికి ఒక్క వస్తువు. మొదటి వారం ఫోన్ తీయకూడదు, పెన్సిల్‌తో గీయాలి, స్కేలుతో కొలవాలి, తూచాలి. గీస్తే తప్ప కన్ను అంచు దగ్గర ఆగదు. రెండో వారం హైదరాబాదు బేగంబజారు పాత్రల దుకాణాల్లో, పాతసామాను వీధుల్లో తిరగాలి. ఏదీ కొనక్కర్లేదు, ఎత్తి చూసి దించడమే. లైబ్రరీ మూడో వారం నుంచి.

ఆ హుక్కా కుండీ మాస్టారి సొంతం. ఆయన పోయాక వారి శ్రీమతి, ముందు వరసలో ఉన్న అమ్మగారు, దాన్ని బీరువాలోంచి తీసి, "ఇది పిల్లల దగ్గర ఉంటేనే ఆయనకు ఇష్టం" అని విభాగానికి ఇచ్చారు. ఇవాళ ఈ హాలు వెనక, కిటికీ పక్కన బల్ల మీద ఉంది. అద్దాల పెట్టె పెట్టలేదు, పేరు చీటీ కూడా పెట్టలేదు. విద్యార్థులు ఒక్కొక్కరే వెళ్లండి. ఉంగరాలు, గాజులు, చేతి గడియారాలు తీసేయండి. చెమట లోహాన్ని తినేస్తుంది కాబట్టి అక్కడున్న తొడుగులు వేసుకోండి. బల్ల మీద పరుపు ఉంది, దాని మీదనే, దాన్ని దాటకుండా చూడండి. ఒక చెయ్యి అడుగున, ఒక చెయ్యి ఒంటి మీద. మెడ పట్టుకుని ఎత్తవద్దు. ముందు ఊరికే కాసేపు చూడండి. తర్వాత బోర్లించండి.